కళాభవనము: చిత్రకారులు నడిపిన పాఠశాల

చిత్రకళను నేర్పుటకు ప్రత్యేకముగా ఒక పాఠశాల కావలెనా అన్న ప్రశ్న మన దేశములో మిక్కిలి పాతదేమీ కాదు. శిల్పి కొడుకు శిల్పి అయిన రోజులలో పని జరిగే పందిరే బడి. తండ్రియో మేనమామయో గురువు. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరములలో ప్రభుత్వ కళాశాలలు వెలసిన తరువాత ఆ స్థితి మారినది. తరగతులు వచ్చినవి, పరీక్షలు వచ్చినవి. గ్రీకు విగ్రహముల ప్లాస్టరు నకళ్ళను ఎదుట పెట్టుకొని విద్యార్థులు గీతలు గీసినారు. ఆ చదువువలన మేలే కలుగలేదనుట అన్యాయము. చేతికి అదుపు, రేఖకు నిలకడ అలవడినవి. కాని ఆ పద్ధతిలో గురువు తన సొంత చిత్రమును ఎట్లు వేయునో విద్యార్థి చూడవలసిన అవసరము లేదు.

దీనికి మారుగా చిత్రకారులే నడిపిన పాఠశాలకు శాంతినికేతనములోని కళాభవనము ఉదాహరణము. దాని పేరుప్రతిష్ఠలు అందరికి తెలిసినవే. అది దేనితో నడిచినది, ఎట్లు నిలిచినది అన్న సంగతి అంతగా చర్చకు రాదు.

మొదటి ప్రయత్నము నిలువలేదు. 1915 ప్రాంతమున రవీంద్రనాథ ఠాకూరు కలకత్తాలోని జొరాసాంకో ఇంటిలో 'విచిత్ర' అను పేర ఒక కళాసభను నెలకొల్పినారు. నందలాల్ బోసు, సురేంద్రనాథ కర్, ముకుల్ డే వంటివారు అక్కడ ఉన్నారు. జపాను చిత్రకారుడు అరాయ్ కాంపో వచ్చి తమ దేశపు కుంచెపని నేర్పినాడు. ఇల్లు ఉన్నది, గురువులు ఉన్నారు, వచ్చిపోవువారికి కొదువ లేదు. అయినను కొద్ది ఏండ్లలోనే అది ఆగిపోయినది. పెద్దయింటి చావడిలో సాయంకాలము నలుగురు కూడుట వేరు. తెల్లవారి లేచి పనికి కూర్చుండుట వేరు. 1919లో తిరిగి మొదలుపెట్టినప్పుడు ఠాకూరు కలకత్తాలో చోటు వెదకలేదు. బీర్భూం జిల్లా ఎర్రనేలపై 1901 నుండి తాము నడుపుతున్న ఆశ్రమ పాఠశాల ప్రక్కనే కళాభవనమును పెట్టినారు.

అసిత్ కుమార్ హాల్దార్, సురేంద్రనాథ కర్ తొలి గురువులలోనివారు. నందలాల్ బోసు 1919లో వచ్చి, కలకత్తాలోని ప్రాచ్యకళాసంఘము పిలువగా వెళ్ళి, 1920లో మరల వచ్చి స్థిరపడినారు. తరువాత మూడు దశాబ్దములు కళాభవనమన్నను నందలాల్ అన్నను ఒకటే. ఆయన అవనీంద్రనాథ ఠాకూరు శిష్యుడు. యౌవనములో అజంతా గుహలలో కూర్చుండి ప్రతులు తీసినవాడు. గోడబొమ్మ ఒక్కని చేతిపని కాదన్న సంగతి అక్కడనే ఆయన మనసుకు పట్టి ఉండవలెను.

తొలి విద్యార్థులలో వినోదవిహారి ముఖర్జీ ఒకడు. ఆయనకు ఒక కన్ను కానరాదు. రెండవదానికి చూపు మిక్కిలి తక్కువ. ఇట్టి బాలునికి చిత్రకళ నేర్పుట తగునా అని నందలాలుకు సందేహము కలిగినది. ఆ కుర్రవాడు శ్రద్ధతో తన చోట కూర్చుండి పని చేస్తున్నాడా, అట్లయిన అతని భవిష్యత్తును గూర్చి మీరు బెంగ పెట్టుకొనవద్దు అన్న భావముతో రవీంద్రులు సమాధానమిచ్చినారు. ప్రవేశమునకు ఇంతకంటె గట్టి పరీక్షను ఏ కళాశాల పెట్టగలదు?

తొలినాళ్ళలో నిర్ణీతమైన పాఠ్యప్రణాళిక లేదు. నందలాల్ విద్యార్థులను వెంటబెట్టుకొని సంతాలుల పల్లెలకు, పొలములకు పోయేవారు. పోస్టుకార్డుపై నాలుగు గీతలతో మేకనో, చెట్టునో, బాటసారినో నిలిపేవారు. ఆశ్రమములో పండుగ వచ్చినచో ముగ్గులు, నాటకమాడినచో రంగాలంకరణ, వేషములు అన్నియు చదువులోని భాగములే. 1927 ప్రాంతమున జైపూరు కుడ్యచిత్రకారుడు నరసింగలాల్ వచ్చి, తడిసున్నముపై రంగు వేసి మెరుగుపెట్టు తమ ప్రాంతపు పద్ధతిని చూపినాడు. గురువులును శిష్యులును కలిసి ఆయన దగ్గర నేర్చుకొన్నారు. అధ్యక్షుడు తానే శిష్యుడై కూర్చుండుట చూచిన విద్యార్థికి వేరుగా వినయము బోధింప పని లేదు.

సామగ్రి విషయములో పేదరికమే దారి చూపినది. 1934లో మొదలైన 'కాలో బాడీ' అను విద్యార్థుల వసతిగృహము మట్టిగోడల ఇల్లు. వానకు కరగకుండ దానికి తారు పూసి, గోడలపై ఉబ్బెత్తు బొమ్మలు తీర్చినారు. 1925లో బాంకురా నుండి వచ్చిన రాంకింకర్ బైజ్ కంచుకొరకు, పాలరాతికొరకు ఎదురుచూడలేదు. సిమెంటులో ఎర్రకంకర కలిపి 1938లో 'సంతాలు కుటుంబము'ను ఆరుబయట నిలిపినాడు. ఆ సంవత్సరమే హరిపురా కాంగ్రెసుకు నందలాల్ పల్లెజనుల వృత్తులను, వేడుకలను బొమ్మలుగా వేయగా, శిష్యులు చేయి కలిపి వాటి ప్రతులు తీసినారు.

ధనము మాత్రము ఎన్నడును చాలలేదు. విద్యాలయమును పోషించుటకు రవీంద్రులు నృత్యనాటక బృందముతో ఊరూర తిరిగినారు. 1936లో, తమ 75వ ఏట, అట్లే ఢిల్లీకి రాగా గాంధీజీ చూచి నొచ్చుకొని 60,000 రూపాయల విరాళము సమకూర్చి యాత్ర మాన్పించినారు. స్వతంత్ర కళాపాఠశాలను పెట్టదలచినవారు కళాభవనపు గోడలతోపాటు ఈ సంగతిని కూడ తలచుకొనుట మంచిది.

ఠాకూరు వంటి వెన్నుదన్ను లేనిచోట ఏమగునో తెలుగు దేశములో చూడవచ్చును. 1910లో నెలకొన్న బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగదేశము నుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు వచ్చి చిత్రకళ నేర్పినారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు బొంబాయిలో చదువు ముగించి వచ్చి, కొలువులో చేరక, మిత్రులతో సొంత చిత్రకళాశాల తెరచినాడు. 1925లో 28 ఏండ్లు నిండకుండనే మశూచికముచేత మరణించినాడు. గురువు పోయిన బడి మూతపడుట సహజము. అది మూతపడకుండ కాచినవాడు స్నేహితుడు వరద వెంకటరత్నము. చిత్రచరిత్రలు రామారావు రంగులను ఎంతగా పొగడినను, వెంకటరత్నము ఓర్పుకు ఒక వాక్యము మించి ఇవ్వవు.

1951లో పార్లమెంటు చట్టము వలన విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైనది. నందలాల్ పదవి విరమించినది ఆ సంవత్సరమే. ప్రభుత్వ ద్రవ్యముతో సంస్థకు నిలకడ వచ్చినది. దానితోపాటు విశ్వవిద్యాలయపు నిబంధనలును వచ్చినవి. దీనిని పతనమని కొందరు విచారించినారు. అంత తేలికగా తీర్పు చెప్పరాదు. సత్యజిత్ రాయ్ 1940లో కళాభవనములో చేరి, చదువు ముగియకుండనే 1942లో వెళ్ళిపోయినాడు. పట్టా లేని లోటు ఆయనకు తెలియలేదు. కాని ప్రతి విద్యార్థి సత్యజిత్ రాయ్ కాడు. ఏ జిల్లాలోనో డ్రాయింగు మాస్టరు పనికి పోవు యువకుని చేతిలో కాగితము ఉండవలెను. గురుజనుల నెలజీతము విరాళముల రాకపోకలపై ఆధారపడుట కూడ గౌరవమైన స్థితి కాదు.

వినోదవిహారికి 1956లో కంటి శస్త్రచికిత్స తరువాత ఉన్న చూపును పూర్తిగా పోయినది. ఆయన పని మానలేదు. కాగితమును మడిచి, కత్తిరించి, వ్రేళ్ళతో తడిమి ఆకారములను నిర్ణయించుకొన్నాడు. 1972లో కళాభవనపు గోడపై పింగాణి పలకలతో ఆయన కూర్చిన పెద్ద చిత్రము వెలసినది.