నాయకుడు, సమూహము: చీరాల ఉదాహరణము

వాడరేవుకు పోవు బాటలో చీరాల ఉన్నది. అక్కడ 1921లో, మునిసిపాలిటీ పన్నులను ఎదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట సుమారు 13,000 మంది ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరులో పాకలు వేసికొన్నారు. ఆ సంవత్సరమే వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ సమూహ మనస్తత్వమును గూర్చి గ్రంథము ప్రకటించినాడు. సమూహములోని వారందరును ఒకే నాయకుని తమ ఆదర్శముగా మనస్సున నిలుపుకొందురనియు, అందుచేతనే తమలో తాము ఏకమగుదురనియు అతని వాదము. నాయకుడు లేకపోయినచో, సేనాపతిని కోల్పోయిన సైన్యమువలె, ఆ సమూహము భీతిల్లి చెదరును.

మరి గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించిన తరువాత జరిగినదేమి? పాకలు వెంటనే ఖాళీ కాలేదు. మొత్తము సుమారు 11 నెలలు ప్రజలచ్చట నిలిచిరి. నాయకుని స్థానమును ఒక భావము ఆక్రమింపవచ్చునని ఫ్రాయిడే అన్నాడు. రామనగరులో జరిగినది ఇదేయని నాకు తోచును. అయినను అంతయు అచేతన మనస్సు పనియే అనలేము. పన్నుల బరువు నిజమైనదే గదా!