మర బిగిసినా ఫోకస్ కుదరదెందుకు?

1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ కాలంలో ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక గరుకు అద్దం మీద పడ్డ బొమ్మను చూసి ఫోకస్ చేసేవాడు. బొమ్మ తలకిందులైనా ఏ లెన్సు తగిలించినా అద్దం మీద స్పష్టంగా కనిపించిందే ప్లేటు మీదా స్పష్టంగా పడేది.

1932లో వచ్చిన లైకా-2లో ఆ వీలు లేదు. అది రేంజ్‌ఫైండర్ కెమెరా. మన కన్ను లెన్సులోంచి చూడదు, పైనున్న రెండు చిన్న కిటికీల్లోంచి చూస్తుంది. లెన్సు తిప్పుతుంటే దాని వెనకున్న ఇత్తడి అంచు కెమెరా లోపలి మీటను నెడుతుంది, మీట అద్దాన్ని కదుపుతుంది, రెండు బొమ్మలు ఒకటవుతాయి. ఫోకస్ కుదిరిందని మనం నమ్మేది ఆ మీట మాట మీదే.

ఆ మాట నిజం కావాలంటే లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ము దాకా దూరం కచ్చితంగా ఉండాలి. 1930లో లెన్సు మార్చుకునే లైకా వచ్చినప్పుడు ఈ దూరం కెమెరాకో రకంగా ఉండేది. ఏ లెన్సు ఏ కెమెరాదో తెలియడానికి కెమెరా నంబరు చివరి అంకెలు లెన్సు మీద చెక్కేవారు. 1931లో 28.8 మి.మీ. అని ఖాయం చేసి, అలా తయారైన కెమెరాల అంచు మీద ‘0’ గుర్తు వేశారు. ఇందులో పదో వంతు మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుంది? లెన్సు అంతమేర ముందుకు జరిగి ఉంటే, 50 మి.మీ. లెన్సును అనంతం దగ్గర పెట్టినా 25 మీటర్ల దగ్గరే ఫోకస్ అవుతుంది.

అసలు చిక్కు సోవియట్ లెన్సులతో వచ్చింది. ఫెడ్, జోర్కీ కెమెరాలకూ లైకాకూ మర ఒకటే, 39 మి.మీ. జుపిటర్-3, జుపిటర్-8 లెన్సులు జైస్ సొన్నార్ నమూనాతో చేసినవి. లైకా మీట 51.6 మి.మీ. ఫోకల్ లెంగ్త్ లెక్కకు కట్టింది, ఇవి 52.4 లెక్కవి. దూరపు దృశ్యాలకు పట్టింపు లేదు. మీటరు దూరంలో మనిషి ముఖం తీయాలంటే మాత్రం జుపిటర్ లెన్సు లైకా అనుకున్నదానికంటే 0.09 మి.మీ. ఎక్కువ ముందుకు రావాలి. రాదు కాబట్టి ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. f/2 దగ్గర ఫోకస్ అయిన చోటికి ముందూ వెనకా చెరో రెండు సెంటీమీటర్లే స్పష్టంగా ఉంటుంది. అంటే కన్ను చెదురుతుంది, కణత బాగా వస్తుంది.

ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వ్యవస్థాపకులు అయ్యగారి సాంబశివరావు పేరిట వెలసిన ఏ.ఎస్. రావు నగర్‌లో, ఆ సంస్థలోనే పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మేడ మీద లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం తేడా వస్తే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు చూపించారు. జోర్కీ-4 వెనక మూత తీసి, ఫిల్ము ఆనుకునే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగించి, షట్టర్ ‘బి’లో తెరిచి ఉంచారు. దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు కాగితం మీద తలకిందులుగా పడింది. భూతద్దంతో చూస్తే ట్యాంకు నిచ్చెన మెట్లు విడివిడిగా కనిపించాయి. వేరే కెమెరా నుంచి తీసిన లెన్సు అందులో హాయిగా బిగిసింది గానీ మెట్లు కలిసిపోయాయి. దీన్ దయాళ్ గరుకు అద్దమే మళ్లీ తీర్పు చెప్పినట్టయింది.

అందుకే పాత లెన్సు కొనేవాళ్లు మరలు కలిశాయని డబ్బులిచ్చేయకండి. మీ కెమెరా వెనక మూత తీయగలిగేదైతే వెంట తీసుకెళ్లి ఈ పరీక్ష చేయండి. దూరంలోనే కాదు, మీటరు దగ్గర కూడా. తేడా దూరంలో ఉంటే పల్చటి షిమ్ వేసో తీసో సరిచేయించవచ్చు. దగ్గరలోనే ఉంటే, f/8కు దించి వాడుకోండి, లేదా మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకు అడాప్టర్‌తో తగిలించండి. అక్కడ లెన్సు వేసిన బొమ్మనే చూసి ఫోకస్ చేస్తాం కాబట్టి మీటతో పని లేదు.