ఇంటి ముంగిట పూల పందిరి

ఉద్దానం అన్న మాట ఉద్యానం నుంచి పుట్టిందని పెద్దలు చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సముద్రతీరం వెంట పరచుకున్న ఈ నేలను చూసినవారికి ఆ మాట నిజమే అనిపిస్తుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే తోటలివి. అక్కుపల్లి వంటి తీర గ్రామంలో తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

ఈ తోటల సీమను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఒక పెనుతుఫాను ఊడ్చేసింది. పలాస సమీపంలో తీరం దాటిన ఆ తుఫాను పేరు తిత్లీ. మూడేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరు 26 రాత్రి, కళింగపట్నానికి ఉత్తరాన మరో తుఫాను తీరం దాటింది. దాని పేరు గులాబ్. ఉర్దూ తెలిసిన మన ఇళ్లలో ఈ పేర్లకు అర్థం వేరే చెప్పనక్కర్లేదు. ఒకటి సీతాకోకచిలుక, రెండోది గులాబీ. హిందూ మహాసముద్రపు తుఫానులకు ఈ ప్రాంత దేశాలు వరుసగా పేర్లు సూచిస్తాయి. ఈ రెండూ పాకిస్తాన్ ఇచ్చిన పేర్లు. తోటలో ఉండవలసిన పేర్లు పెట్టుకొని తోటలను కూల్చే గాలులు వచ్చాయి!

కూలిన చోట మళ్లీ కొబ్బరి నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు కావాలి. అంతదాకా ఇంటి ముందు నీడ మాటేమిటి? ఎండలో పనిచేసి వచ్చిన మనిషి ఎక్కడ కూర్చోవాలి? ఇక్కడే పూల తీగ అక్కరకు వస్తుంది. ఈ వానల్లో నాటిన తీగ మరుసటి వేసవికల్లా పందిరి పట్టుకుంటుంది. నీడకు నీడ, పూలకు పూలు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలుస్తుంది కనుక ఏటేటా విత్తనం కొనే ఖర్చు లేదు.

ఏ తీగ ఎక్కడ?

తీరపు ఇసుకకూ, ఉప్పు గాలికీ తట్టుకోవడంలో కాగితపు పూల మొక్క ముందు నిలుస్తుంది. దీన్నే బోగన్‌విలియా అంటారు. దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. 1767లో బ్రెజిల్ తీరంలో కామర్సన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని సేకరించి, తమ ఓడల నాయకుడు బోగన్‌విల్ పేరు పెట్టాడు. మనం పూలనుకునే ఆ రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులు. వాటి నడుమ ఉన్న సన్నని తెల్లని గొట్టమే అసలు పువ్వు. ఈ మొక్కకు నీరెక్కువైతే ఆకులు వేస్తుంది, నీరు తగ్గిస్తే పూస్తుంది. కనుక సముద్రం వైపు ప్రహరీకి ఇదే తగినది.

ఇంటి ముందు పందిరికి రాధామనోహరం మేలు. సాయంకాలం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు! తెల్లగా ఉన్న రాత్రి దాని పరిమళానికి పెద్ద రెక్కల చిమ్మటలు వస్తాయి. రంగు తిరిగాక పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. ఈ వింత చూసిన రంఫియస్ అనే పాతకాలపు శాస్త్రజ్ఞుడు దీనికి లాటిన్‌లో ‘ఎవరు? ఏమిటి?’ అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. అయితే ఇది బరువైన తీగ. పెంకుల మీదికి, రేకుల మీదికి, కరెంటు తీగల దగ్గరికి పాకనివ్వకూడదు. సరుగుడు గుంజలతో గట్టి పందిరి వేయాలి.

కిటికీ పక్కన సన్నని తీగ చాలనుకుంటే శంఖపుష్పం ఉంది. నీలం రంగు, తెలుపు రంగు రెండూ దొరుకుతాయి. ఇది చిక్కుడు జాతిది కనుక గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో నిలిపి నేలకు బలమిస్తుంది. విత్తనాలను రాత్రంతా నానబెట్టి నాటితే త్వరగా మొలుస్తాయి. వలలు ఉన్న ఊళ్లలో పాత వల ముక్కను గోడకు బిగించి కట్టి దీన్ని పాకించవచ్చు. వల వదులుగా వేలాడకూడదు, పక్షులూ పాములూ చిక్కుకుంటాయి.

ఇక మల్లె, జాజి సంగతి. యాస్మీన్ అని ఆడపిల్లలకు పేరు పెట్టుకుంటాం. ఆ పారశీక పదమే ఐరోపా భాషలకు వెళ్లి జాస్మిన్ అయింది. గులాబీ మాట కూడా అక్కడిదే. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పన్నీటి పేరు పువ్వుకే నిలిచిపోయింది.

కంచెకు గోరింటను మించినది లేదు. ఎండకు తట్టుకుంటుంది, ఎంత కత్తిరించినా చిగురిస్తుంది. పండుగ ముందు రోజు ఆకు కోసి రుబ్బుకుంటే చాలు. అంగడిలో దొరికే నల్ల మెహందీ కోనుల్లో పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు. దాని వల్ల కొందరికి చర్మం పొక్కుతుంది. పెరటి ఆకుతో ఆ భయం లేదు.

ఇసుకకు బలం

తీరపు ఇసుకలో పోసిన నీరు నిలవదు, వేసిన ఎరువు నిలవదు. అందుకని మూరెడు లోతు, మూరెడు వెడల్పు గొయ్యి తీసి అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరుసలు పరచాలి. అవి నీటిని పీల్చి పట్టి ఉంచుతాయి. పైన చెరువు మట్టి, చివికిన పశువుల గెత్తం, తీసిన ఇసుక సమపాళ్లలో కలిపి నింపాలి. గుప్పెడు వేపపిండి కలిపితే చెద భయం తగ్గుతుంది. మొదలు చుట్టూ జీడిమామిడి ఎండుటాకులు పరిస్తే తడి ఆరదు. జీడి పిక్కల పెంకు మాత్రం వేయకండి. అందులోని నూనె చేతులు బొబ్బలెక్కిస్తుందని పలాసలో జీడి పని చేసే ప్రతి ఇంటికీ తెలుసు.

కాగితపు పూలకు, మల్లెకు పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి వానాకాలంలో నాటాలి. రాధామనోహరం మొదట్లో వచ్చే పిలకలను వేరుతో తీసి నాటితే సరిపోతుంది. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి కొమ్మ తెచ్చుకోవడానికి ఖర్చేముంది?

వుజూ నీటితో పాదులు

ఉద్దానంలో నీటి మాట ఎత్తితే మూత్రపిండాల జబ్బు మాట రాక తప్పదు. ఎన్నో ఇళ్లను కుదిపిన ఆ జబ్బుకు కారణం ఇదీ అని నిర్ధారణగా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా తాగునీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అంత దూరం నుంచి వచ్చే మంచినీటిని పూల మొక్కలకు పోయడం ధర్మం కాదు.

దానికి మన ఇంట్లోనే మార్గం ఉంది. వుజూ నీటిలో సబ్బు ఉండదు, ఉప్పు ఉండదు. అది మొక్కకు నేరుగా పనికివచ్చే నీరు. దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ అంటే నిండు దోసిలి కొలత. మనం అంత పొదుపు చేయలేక పూటకు రెండు లీటర్లు వాడుతున్నామనే అనుకుందాం. నలుగురున్న ఇంట్లో అయిదు పూటలకు 40 లీటర్లు! వుజూ చేసే చోటి నుంచి చిన్న కాలువ తీసినా, బేసిను పెట్టి పట్టి పోసినా రెండు మూడు పాదులు వేసవి గట్టెక్కుతాయి. బియ్యం, కూరగాయలు కడిగిన నీరూ అంతే. ఉప్పు కలిసిన నీరు, గాఢమైన సబ్బు నీరు మాత్రం పోయరాదు.

కుండీల కింద పళ్లేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికొకసారి వాటిని బోర్లించి ఆరబెట్టాలి.

కత్తిరింపు, చీడలు

పూలు పూయించేది సగం కత్తెరే. మల్లెకు నవంబరు చివర నీరు తగ్గించి, మొదలు నుంచి మూరెడు ఎత్తు ఉంచి కొమ్మలు కత్తిరించాలి. ఆకు దూసి, ఎరువు వేసి, మళ్లీ నీరు పెడితే మార్చి నుంచి మొగ్గలు. జాజికి ఈ పని డిసెంబరు చివర చేయాలి. కాగితపు పూలు కొత్త కొమ్మల మీదే పూస్తాయి కనుక ఒక పూత అయిపోగానే కొసలు తుంచాలి.

మందారకు పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లాలి. ఇంటి పూలకు విషపు మందులు అక్కర్లేదు. ఉద్దానం జబ్బుకు కారణాలు వెతికినవారు అనుమానించిన వాటిలో పురుగుమందులూ ఉన్నాయి. నిర్ధారణ అయినా కాకపోయినా, పిల్లలు తిరిగే ముంగిట్లో వాటిని దూరంగా ఉంచడమే వివేకం.

తుఫాను నెలకు ముందే

పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ మరో రెండు వారాల ముందే వచ్చింది. ఈ తేదీలు చూస్తే పని ఎప్పుడు చేయాలో తెలిసిపోతుంది. సెప్టెంబరు మొదటి పక్షంలోనే పందిరి మీద గుబురును సగానికి పలచన చేయాలి. గుబురుగా ఉన్న తీగ తెరచాపలా గాలిని పట్టి పందిరినే లేపేస్తుంది. పలచన చేస్తే గాలి వాటి నడుమ నుంచి పోతుంది. హెచ్చరిక వినగానే వేలాడే కుండీలు దించి గోడవారన పెట్టాలి. తుఫాను వెలిశాక ఆకుల మీద పడిన ఉప్పును మంచి నీటితో కడగాలి. తీగ పూర్తిగా విరిగినా తొందరపడి పెకలించకండి. మొదలు పచ్చిగా ఉంటే చిగురు తప్పక వస్తుంది.

అందంతో పాటు జాగ్రత్త

మొగల్ చక్రవర్తి బాబర్ తన ఆత్మకథలో మన మందారను, గన్నేరును ముచ్చటగా వర్ణించాడు. 1528లో గ్వాలియర్ వెళ్లినపుడు అక్కడి ఎర్ర గన్నేరు నచ్చి, మొక్కలు తెప్పించి ఆగ్రా తోటల్లో నాటించాడు. అంత అందమైన గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పసిపిల్లలున్న చోట, మేకలు కట్టే చోట అది ఉండకూడదు. గురివింద గింజ కూడా అంతే. చూడ ముచ్చటైన ఎర్ర గింజ, నమిలితే ప్రాణాంతకం.

అయిదు పూటల తోట

నాలుగు మొక్కలున్నా చాలు, రోజంతా ఏదో ఒకటి పలకరిస్తూనే ఉంటుంది. ఫజర్ తర్వాత శంఖపుష్పం కళ్లు తెరుస్తుంది. జుహర్ వేళ మండుటెండలో కాగితపు పూలు మెరుస్తాయి. అసర్ నమాజు ముగిసేసరికి చంద్రకాంత విచ్చుకుంటుంది. ఉర్దూలో గుల్-ఎ-అబ్బాస్ అనేది దీన్నే. దుంప నేలలో ఉంటే ఏటా తనే మొలుస్తుంది. మగ్రిబ్‌కు మల్లె, రాధామనోహరం. ఇషా తర్వాత ఇల్లంతా పరిమళం.

ప్రళయం వచ్చిపడుతున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్నది దైవప్రవక్త (స) బోధ. ప్రళయం వంటి రాత్రిని చూసిన ఉద్దానం వాసులకు ఈ మాట అర్థం వివరించనక్కర్లేదు. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది దానమేనని కూడా ఆయన తెలిపారు. మన పందిరి మీద వాలే తేనెటీగకు, సీతాకోకచిలుకకు ఆ దానంలో వాటా ఉంటుందని ఆశిద్దాం. ఈసారి తొలకరి పడగానే పొరుగింటి నుంచి ఒక కొమ్మ అడిగి తెచ్చుకోండి. వచ్చే ఏడాది మీ పందిరి నుంచి మరో ఇంటికి ఒక కొమ్మ ఇవ్వండి.