పదాల అరువు, వాక్యాల పొత్తు: పాతబస్తీ దక్కనీ, తెలుగు

హైదరాబాదు పాతబస్తీలో మాట్లాడే ఉర్దూను దక్కనీ అంటారు. ఇది చెడిపోయిన ఉర్దూ అనే మాట చదువుకున్న ముస్లిముల ఇళ్లలో కూడా వినిపిస్తూ ఉంటుంది. ఇంటి భాషను చూసి పిల్లలు సిగ్గుపడటానికీ, తెలుగును పరాయి భాషగా భావించటానికీ ఈ అపోహ దారితీస్తుంది. కనుక దక్కనీ నిజస్వరూపమేమిటో, తెలుగుతో దానికి గల సంబంధమేమిటో పరిశీలించటం అవసరం.

పొరుగు భాషల ప్రభావం ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది పదాల అరువు. రెండవది ఉచ్చారణలోనూ, వాక్య నిర్మాణంలోనూ వచ్చే మార్పు. పదం కచేరీ నుంచో, గ్రంథం నుంచో, సంత నుంచో వచ్చి చేరుతుంది. అందుకు అవతలి భాష పూర్తిగా రానవసరం లేదు. వాక్యపు తీరు మారాలంటే మాత్రం సాధారణంగా తరతరాలపాటు అనేకులు రెండు భాషలూ మాట్లాడి ఉండాలి.

ఈ తేడాకు ఆసియా ఖండంలోనే రెండు ఉదాహరణలున్నాయి. వియత్నాం చాలా శతాబ్దాలు చైనా పాలనలో ఉంది. ఆ తరువాత కూడా అక్కడి పండితుల భాష చైనీయమే. అందువల్ల వియత్నామీ భాషలో చైనా పదాలు వేల సంఖ్యలో చేరాయి. అయినా దాని సొంత పదబంధాలలో విశేషణం నేటికీ విశేష్యం తరువాతనే వస్తుంది. “పెద్ద ఇల్లు” అనటానికి వారు “ఇల్లు పెద్ద” అన్న క్రమం పాటిస్తారు. చైనీయంలో క్రమం ఇందుకు విరుద్ధం. పదాలు వచ్చాయి గాని ఈ క్రమం చెక్కుచెదరలేదు.

ఉజ్బెక్ భాష సంగతి వేరు. ఇది తుర్కీ కుటుంబానికి చెందినది. తుర్కీ భాషలలో ఒకే పదంలోని అచ్చులు ఒకదానికొకటి అనుగుణంగా మారుతాయి. తెలుగులో “పులి” బహువచనంలో “పులులు” కావటం ఇటువంటిదే. సమర్ఖందు, బుఖారా వంటి నగరాలలో ప్రజలు ఉజ్బెక్‌తోపాటు ఫార్సీకి చెందిన తాజిక్ కూడా మాట్లాడుతూ వచ్చారు. ఈ సహవాసం ఫలితంగా ప్రామాణిక ఉజ్బెక్‌లో ఆ అచ్చుల నియమం దాదాపు అంతరించింది. ఇక్కడ మారినది భాష యొక్క లోపలి కట్టడమే.

సమర్ఖందుకూ హైదరాబాదుకూ సంబంధం లేకపోలేదు. ఆసఫ్‌జాహీల పూర్వీకుడైన ఖ్వాజా ఆబిద్ ఆ ప్రాంతం నుంచి వచ్చినవాడే. అతడు 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి మరణించాడు. “ఉర్దూ” అన్న పేరు కూడా దండు విడిదిని సూచించే తుర్కీ పదం నుంచి వచ్చినదే.

దక్కనీ అంతకుముందే ఈ నేలపై వేళ్లూనింది. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాదుకు తరలించిన ఢిల్లీ జనంతోనూ, 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యంతోనూ ఉత్తరాది పలుకుబడి దక్కనులో స్థిరపడింది. 1591లో హైదరాబాదును నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వం చెప్పాడు. అతని తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షా తెలుగు కవులను పోషించి “మల్కిభరాము”డని పేరు పొందాడు. గోల్కొండ ఫర్మానులు కొన్ని ఫార్సీ, తెలుగు భాషలు రెంటిలోనూ వెలువడ్డాయి.

ఈ సహవాసంలో తెలుగుకు దక్కినవి ముఖ్యంగా పదాలు. జవాబు, వకీలు, ఖర్చు, రసీదు, హక్కు, తారీఖు, కబురు వంటివి అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చి, చివర ఉకారం చేర్చుకుని అచ్చంగా తెలుగు మాటలైపోయాయి. కాని తెలుగు వాక్యం మారలేదు. దక్కనీలో వాక్యమే మారింది.

ప్రామాణిక ఉర్దూలో “అహ్మద్ నే రోటీ ఖాయీ” అంటారు. ఇక్కడ క్రియ రొట్టెను అనుసరించి స్త్రీలింగమైంది. దక్కనీలో “అహ్మద్ రోటీ ఖాయా” అంటారు. “అహ్మద్ రొట్టె తిన్నాడు” అన్న తెలుగు వాక్యంలో వలెనే “నే” లేదు, క్రియ కర్తను అనుసరించింది.

“రేపు వస్తానని చెప్పాడు” అన్న వాక్యం మరింత స్పష్టమైన నిదర్శనం. ఉర్దూలో “కె” అన్న మాట ముందు వచ్చి, చెప్పిన విషయం తరువాత వస్తుంది. దక్కనీలో “కల్ ఆతూఁ బోల్కే బోలా” అంటారు. “అను” నుంచి “అని” వచ్చినట్లే “బోల్” నుంచి “బోల్కే” వచ్చింది. దాని స్థానమూ విషయం తరువాతనే. “ఎందుకంటే” అన్న తెలుగు మాటకు “కైకూ బోలే తో” సరిగ్గా అచ్చు. “నిన్న వచ్చిన కుర్రాడు” అనటానికి “కల్ ఆయా సో లడ్కా” అంటారు.

అయితే పోలిక కనిపించిన ప్రతిచోటా తెలుగు ప్రభావమే అనుకోరాదు. ఉజ్బెక్‌లో కూడా “ఎర్తగ కెలమన్ దెబ్ ఐత్ది” అంటే “రేపు వస్తానని చెప్పాడు” అనే అర్థం. “దెబ్” కూడా “చెప్పి” అనే మాటే. తెలుగుకూ ఉజ్బెక్‌కూ సహవాసం లేదు. క్రియను చివర ఉంచే భాషలు అనేకం ఈ పద్ధతినే అనుసరిస్తాయి. వియత్నామీలో క్రియ ముందు వస్తుంది కనుక ఇటువంటి మాట కూడా విషయానికి ముందే వస్తుంది. దక్కనీ విషయంలో మాత్రం సోదర భాష ఉర్దూ ఒక దారిని, ఇది తెలుగు దారిని పట్టాయి కనుక పొరుగు భాషల ప్రభావమని చెప్పటానికి ఆధారముంది. ఇక “నక్కో” మరాఠీ నుంచి వచ్చినది. “లోగాఁ”, “బాతాఁ” వంటి బహువచనాలు ఉత్తరాది నుంచి వెంట వచ్చినవి.

దీనినిబట్టి దక్కనీ చెడిపోయిన భాష కాదు, తనకంటూ నియమాలు గల భాష అని తేలుతుంది. “బోల్కే” అనే పిల్లవాడికి “అని” వాడుక కొత్త కాదు. అతడికి కష్టమయ్యేది తెలుగు క్రియల చివర వచ్చే ను, వు, డు, ది వంటి ప్రత్యయాలు. ఉపాధ్యాయుడు శ్రమంతా అక్కడ పెడితే చాలు. ప్రామాణిక ఉర్దూ నేర్పేటప్పుడు “నే”, “కె” ల వద్ద ఆగి వివరించాలి. పిల్లవాడి ఇంటి మాటను తప్పు అని కొట్టివేయటం వల్ల రెండు భాషలకూ నష్టమే. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ఉన్నందున ఈ రెండూ రావటం బ్రతుకుతెరువుకు కూడా అవసరం.

దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 22వ ఆయతు భాషల వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొంటున్నది. ఆ వైవిధ్యంలో పాతబస్తీ గల్లీలలోని మాట కూడా ఒక భాగమే.