పత్తర్‌గట్టి: కుతుబ్‌షాహీల బాట, ఇరవయ్యవ శతాబ్దపు రాళ్లు

హైదరాబాద్ పాతనగరంలో చార్మినార్ ఉత్తర తోరణం నుండి బయలుదేరి గుల్జార్ హౌజ్, మచిలీ కమాన్, పత్తర్‌గట్టి, మదీనా భవనం మీదుగా మూసీ నదిపై గల నయాపూల్‌ను చేరే రహదారి నిడివి ఒక కిలోమీటరుకు కొంచెం పైబడి ఉంటుంది. నగరంతో పాటు పుట్టిన వీధి ఇది. పెండ్లి బట్టలు, ముత్యాలు, అత్తరు, ఉర్దూ గ్రంథాలు కొనగోరిన వారు నేటికీ ఇక్కడికే వస్తారు. రంజాన్ మాసంలో తెల్లవారుజాము వరకు ఈ బజారు మూతపడదు.

ఈ వీధిని గురించి వ్రాసేటప్పుడు పత్రికలలోను, అప్పుడప్పుడు ప్రభుత్వ ప్రచురణలలోను ఒక పొరపాటు దొర్లుతూ ఉంటుంది. బాటకు ఇరువైపులా వరుసగా కనిపించే రాతి తోరణాల దుకాణాలను కూడా కుతుబ్‌షాహీల కాలపు కట్టడాలుగా పేర్కొంటారు. వాస్తవానికి ఇక్కడ రెండు కాలాలు కలిసి ఉన్నాయి. బాట గీచినది 1591లో. ఆ బాట వెంట రాతి వరుస లేచినది ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో. ఈ భేదం తెలిసినప్పుడే ఈ వీధిని కాపాడటంలో గల చిక్కు కూడా బోధపడుతుంది.

గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీటికి కొరత ఏర్పడిన పరిస్థితులలో సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణ తీరాన కొత్త నగరాన్ని తలపెట్టారు. పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగర రచనకు సూత్రధారి అని చరిత్రకారులు చెబుతారు. రెండు పెద్ద బాటలు ఒకదానినొకటి ఖండించే చోట చార్మినార్‌ను నిలిపి, నగరాన్ని నాలుగు భాగాలు చేశారు. తూర్పు పడమరల బాట గోల్కొండను మచిలీపట్నం రేవు దారితో కలిపింది. ఉత్తర దక్షిణాల బాట నదివైపు సాగింది. ఇప్పటి పత్తర్‌గట్టి ఆ రెండవ బాటలోని భాగమే.

చార్మినార్‌కు ఉత్తరంగా కొద్ది దూరంలో నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కలవు. ఒక్కొక్కటి సుమారు 60 అడుగుల ఎత్తు గల ఈ కమాన్లు ఒకప్పుడు రాజప్రాసాదాల ముందరి విశాలమైన మైదానానికి హద్దులుగా నిలిచాయి. ఆ మైదానాన్ని జిలూఖానా అనేవారు. మధ్యలో ఉన్న నీటి తొట్టికి మొదటి పేరు చార్‌సూకా హౌజ్. చార్‌సూ అనగా నాలుగు దిక్కులు. అదే నేటి గుల్జార్ హౌజ్. దక్షిణాన ఉన్నది చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, ఉత్తరాన మచిలీ కమాన్. పడమటి కమాన్ ప్రాసాదాలకు ప్రవేశ మార్గం. మచిలీ కమాన్‌పై గల చేప గుర్తు సౌభాగ్య చిహ్నం. విలేకరులు ఈ పేర్లను తారుమారు చేయడం కద్దు కనుక దిక్కులను గుర్తుంచుకోవడం మేలు. చార్మినార్‌ను, చార్ కమాన్‌ను ఒక్కటిగా భావించడం అంతకంటె పెద్ద పొరపాటు.

పడమటి ప్రాసాదాలలో నేడు మిగిలినది ఏమీ లేదనే చెప్పాలి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఆ తరువాత నగర ప్రాధాన్యం కొంతకాలం తగ్గినప్పటికీ, ఆసఫ్‌జాహీల పాలనలో ఈ బాటకు మరల కళ వచ్చింది. బాటకు తూర్పున నిజాం ప్రధానమంత్రులైన సాలార్‌జంగ్ వంశీయుల నివాసం దివాన్ దేవిడీ ఉండేది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించగా, ఆయన సేకరించిన కళాఖండాలతో అదే భవనంలో మ్యూజియం ఏర్పాటైంది. 1951 డిసెంబరు 16న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. 1968లో మ్యూజియం నది ఒడ్డున గల నేటి భవనానికి తరలింది. వస్తువులు భద్రంగా మిగిలాయి గాని, వాటిని పోగుచేసిన ఇల్లు మిగలలేదు. దివాన్ దేవిడీ స్థలం క్రమంగా వాణిజ్య సముదాయాలతో నిండిపోయి, పూర్వపు ప్రవేశద్వారం వంటి కొద్ది ఆనవాళ్లు మాత్రమే నిలిచాయి.

పత్తర్‌గట్టి నేటి రూపానికి మూలం ఒక విపత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది కనీవినీ ఎరుగని రీతిలో పొంగింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 1578లో నిర్మించిన పురానాపూల్ మాత్రం నిలిచింది. మృతుల సంఖ్య 15,000 వరకు ఉండవచ్చునని సాధారణంగా చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుపైకి ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న వృత్తాంతం నగరవాసులకు నేటికీ తెలుసు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి, ఆయన సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అయినను నది తన దారిని పూర్తిగా మరువలేదు. 2025 సెప్టెంబరు చివరి వారంలో ఆ జలాశయాల నుండి విడిచిన నీటికి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణం మునిగింది.

వరదకు తోడు 1911లో ప్లేగు కూడా నగరాన్ని బాధించింది. ఇరుకు బస్తీలు, గాలి వెలుతురు సోకని ఇండ్లు వ్యాధికి నిలయాలన్న అభిప్రాయం బలపడింది. అదే సంవత్సరం గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో నగర అభివృద్ధి మండలిని నెలకొల్పారు. ఉర్దూలో దీని పేరు ఆరాయిష్-ఎ-బల్దా, అనగా నగరాలంకరణ. పేరులో అలంకరణ ఉన్నా చేతిలో ఉన్నది పలుగు, పారలే. మండలి వంకరటింకర సందులను తొలగించింది, బాటలను వెడల్పు చేసింది, ఇండ్లు, మార్కెట్లు కట్టించింది. ఆ క్రమంలోనే మచిలీ కమాన్‌కు ఉత్తరంగా ఉన్న బజారును ఇరువైపులా వెనుకకు జరిపి, నల్లరాతితో ఒకే నమూనా గల దుకాణాల వరుసలను నిర్మించింది. పత్తర్ అనగా రాయి. వీధి పేరులోనే ఆ రాయి ఉన్నది.

ఈ నిర్మాణంలోని విశేషాన్ని నిదానంగా చూడవలసి ఉన్నది. కింది అంతస్తులో దుకాణాలు, వాటి ముందు తోరణాలతో కూడిన వరండా, పైన మరొక అంతస్తు. కొనుగోలుదారు ఒక కొస నుండి రెండవ కొసకు ఎండ తగలకుండా, వానకు తడవకుండా నడిచిపోవచ్చును. ఏ దుకాణం ఎవరిదైనప్పటికీ ముఖభాగం అందరిదీ ఒక్కటే. తోరణం ఎత్తు ఒక్కటే, రాయి ఒక్కటే, చూరు గీత ఒక్కటే. యజమాని తన ఇష్టానుసారం ముందుకు జరగడానికి గాని, ఎత్తు పెంచడానికి గాని వీలులేని ఏర్పాటు అది. నేటి భాషలో చెప్పవలెనంటే, అది భవనాల అనుమతి కాదు, వీధికి ఇచ్చిన అనుమతి. అదే మండలి కట్టించి 1935లో పూర్తిచేసిన మొజంజాహీ మార్కెట్‌లోను ఇదే రాతి ధోరణి కనిపిస్తుంది. కాని అది ఒకే ఆవరణలోని ఒకే కట్టడం. పత్తర్‌గట్టిలో మాత్రం అనేక ఆస్తులు కలిసి ఒక కట్టడంగా నిలిచాయి.

హైదరాబాద్ పరిసరాలలో నల్లరాతికి కొరత లేదు. చార్మినార్‌లోను ఈ రాయి ఉన్నప్పటికీ, పైన డంగు సున్నంతో చేసిన గచ్చు పూత, పూలు, లతలు దానిని కప్పి ఉంటాయి. గచ్చు మెత్తన, రాయి గట్టి. 2019 మే 1న చార్మినార్ మినార్లలో ఒకదాని నుండి గచ్చు ముక్క ఊడిపడినది. పత్తర్‌గట్టి రాతికి అటువంటి భయం లేదు. దాని బెడద వేరు. రంగులు పూయడం, బోర్డుల కొరకు రంధ్రాలు చేయడం, తోరణాలను గాజు తలుపులతో మూయడం, వరండాలోకి సరకు జరపడం, పైన తీగలు, ఏసీ యంత్రాలు వేలాడదీయడం.

వీధి ఉత్తర కొసన మదీనా భవనం గలదు. దాని అద్దెల ఆదాయాన్ని హిజాజ్‌లోని పవిత్ర నగరాల కొరకు వక్ఫ్ చేశారన్నది ప్రసిద్ధం. అక్కడికి సమీపంలోని ఛత్తా బజారులో ఉర్దూ శుభలేఖలు అచ్చువేసే ముద్రణాలయాలు, అందమైన అక్షరాలు వ్రాసే ఖుష్‌నవీసులు ఒకప్పుడు చేతినిండా పనితో ఉండేవారు. కంప్యూటర్ అక్షరాలు వచ్చిన తరువాత చేతివ్రాత పని బాగా సన్నగిల్లింది.

అక్కడి నుండి నది ఒడ్డు చేరితే ఎర్రరాతి హైకోర్టు భవనం. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా రూపొందించగా, ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ ఆధ్వర్యంలో 1915లో మొదలైన పని 1919లో ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది. 2009 ఆగస్టు 31న సంభవించిన అగ్నిప్రమాదంలో భవనంలో కొంత భాగం దెబ్బతినగా, అనంతరం పునరుద్ధరించారు. 2019 జనవరి 1 నుండి ఇది తెలంగాణ హైకోర్టు. నదికి ఆవలి ఒడ్డున, విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆసుపత్రి భవనం దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాననీరు చేరడంతో రోగులను ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న, రాజేంద్రనగర్ ప్రాంతంలో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న శంకుస్థాపనలు జరిగాయి. రోజూ వేలాది మందిని ఈ బాటకు రప్పించే రెండు సంస్థలు స్థలం మారడానికి సిద్ధమవుతున్నాయన్న మాట. భవనాలు నిలుస్తాయి, కాని వాటిలో ఏమి ఉండాలన్న ప్రశ్న వీధి వర్తకులకూ సంబంధించినదే.

ఇక పరిరక్షణ విషయం. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులతో కలిపి 2010లో అది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. నగరంలోని ఇతర చారిత్రక కట్టడాలకు 1995 నుండి పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనలలోని 13వ నిబంధన రక్షణగా ఉండేది. 2015లో దానిని తొలగించిన మీదట 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలు ఏవైనను కట్టడాన్ని కట్టడంగానే లెక్కిస్తాయి. వీధి మొత్తాన్ని ఒక్కటిగా చూడగలిగిన అభివృద్ధి మండలి తరువాతి కాలంలో గృహనిర్మాణ మండలిలో కలిసిపోయింది. ఒక తోరణం రాయి కదిలినప్పుడు అది దుకాణదారు బాధ్యతా, స్థల యజమానిదా, నగరపాలక సంస్థదా అన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసి వస్తున్నది. చార్మినార్ పాదచారుల పథకం కింద వాహనాలను మళ్లించడం, రాళ్లు పరచడం, ముఖభాగాలను శుభ్రపరచడం వంటి పనులు అంచెలంచెలుగా జరిగాయి. పథకం ఆలోచన మొదలై మూడు దశాబ్దాలు గడిచినవంటే అందులోని క్లిష్టత ఊహించవచ్చును.

ముఖభాగం వెనుక ఏమున్నదన్నది మరొక సంగతి. 2025 మే 18న ఉదయం గుల్జార్ హౌజ్ సమీపంలోని ఒక పాత భవనంలో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. వారిలో 8 మంది చిన్నారులు. కింద దుకాణాలు, పైన నివాసం గల ఇల్లు అది. లోనికి, వెలుపలికి ఉన్న దారి ఇరుకైనది. పొగ కమ్మిన తరువాత లోపలివారు బయటపడలేకపోయారు. ప్లేగు అనంతరం బాటను వెడల్పు చేసిన వారు ముందు వరుసను తీర్చిదిద్దారు. దాని వెనుక పెరిగిన ఇండ్లు, మెట్లదారులు, విద్యుత్ తీగలు ఎవరి నమూనాకూ లోబడినవి కావు. వారసత్వ పరిరక్షణకు అనుమతులు పరిశీలించే అధికారులు ఇకపై తోరణాన్ని చూసినంత శ్రద్ధగా దాని వెనుక మెట్లను కూడా చూడవలసి ఉన్నది. అగ్నిమాపక శాఖ, విద్యుత్ సంస్థ, నగరపాలక సంస్థ కలిసి పరిశీలిస్తే తప్ప ఇది తేలే పని కాదు.

పత్తర్‌గట్టి రాతిపనిని చూడదలచినవారు, ఛాయాచిత్రాలు తీయదలచినవారు ఉదయం పది గంటలలోపు రావడం మంచిది. ఆ వేళకు దుకాణాలు ఇంకా తెరువరు, వరండాలో సరకు ఉండదు. మదీనా వైపు నుండి బయలుదేరి, మచిలీ కమాన్ గుండా చార్మినార్ కనిపించే వరకు నీడలోనే నడవవచ్చును.