‘మనవాడేనా?’ నుంచి ‘మార్కులెన్ని?’ దాకా: ఖరగ్‌పూర్ రైల్వే కొలువుల కథ

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగు వినడానికి పెద్దగా వెతకక్కర్లేదు. మథురాకాటి, నింపురా వంటి రైల్వే పేటల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ యాసలు ఇప్పటికీ వినిపిస్తాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం ఈ పట్టణమే. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో అత్యధికం ఒకే యజమాని కోసం వచ్చాయి. ఆ యజమాని రైల్వే.

అందుకే ఆ ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ‘తాత రైల్వేలో చేశాడు, నాన్నా అక్కడే చేసి రిటైరయ్యాడు, మరి అబ్బాయికి ఎందుకు రావడం లేదు?’ పోటీ పెరిగింది, ఖాళీలు తగ్గాయి అన్నది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే బల్లకు అవతలి వైపు, అంటే ఉద్యోగం ఇచ్చేవాడి వైపు నుంచి చూడాలి. ఈ నూట పాతికేళ్లలో అతని అవసరమూ మారింది, అతని భయమూ మారింది. దాంతో మనిషిని ఎంచుకునే పద్ధతీ మారిపోయింది.

కంపెనీకి మనుషులు ఎలా దొరికారు?

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఖరగ్‌పూర్ జంక్షన్ రూపుదిద్దుకుంది, దాన్ని ఆనుకుని పెద్ద వర్క్‌షాప్ వెలిసింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర మార్గం కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర పల్లెలూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే కంపెనీ పట్టాల మీదకు చేరాయి. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 1896-97లో, గంజాం, విశాఖపట్నం జిల్లాలు కరువు చూశాయి. బతుకుతెరువు కోసం రంగూన్ ఓడ ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. ఓడకు బదులు రైలెక్కే దారి ఖరగ్‌పూర్ చూపించింది.

కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. పట్టాలు వేసే గ్యాంగులకు, కొలిమి దగ్గరికి, బాయిలర్ షాపుకి, యార్డుకి వేలాది మంది కావాలి. వచ్చేవాడు ఎవరో తెలియదు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. నాలుగు రోజులు చేసి పారిపోతాడో, పనిముట్లు పట్టుకుపోతాడో, ఎండకీ వేడికీ తట్టుకుంటాడో చెప్పలేరు. ఆ రోజుల్లో దీనికి దొరికిన చవకైన పరిష్కారం, ఉన్నవాడి చేత కొత్తవాడిని తెప్పించుకోవడం. మేస్త్రీ తన ఊరి నుంచి మనుషుల్ని తెస్తాడు. బావమరిదిని తెచ్చినవాడు అతని నడవడికకు పూచీ పడతాడు. కొత్తవాడికి పని నేర్పడం, తిండి పెట్టడం, తల దాచుకోవడానికి చోటివ్వడం అన్నీ తెచ్చినవాడి బాధ్యతే. కంపెనీకి ఖర్చు లేదు.

ఇవాళ పెద్ద ఐటీ కంపెనీలు ‘ఎంప్లాయీ రిఫరల్’ పేరుతో తమ ఉద్యోగులకు బోనస్ ఇచ్చి చేయించేది దాదాపు ఇదే. తెలియని మనిషి గురించి తెలిసిన మనిషి మాట తీసుకోవడం నియామకాల్లో అతి పాత పద్ధతి. ఖరగ్‌పూర్ తెలుగు పేటలు ఆ పద్ధతి మీదే పెరిగాయి.

సిఫారసుకు ఉన్న రెండో ముఖం

ఈ పద్ధతికి మూల్యమూ ఉంది. మేస్త్రీ ఎరిగినవాడికే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు దగ్గర మామూళ్లూ పుట్టుకొస్తాయి. పైగా సిఫారసు కింది మెట్టు దాకానే పనిచేసింది. బాధ్యతగల పై ఉద్యోగాలు యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు దక్కేవి. వర్క్‌షాపులో ఎంత నైపుణ్యం సంపాదించినా తెలుగు ఫిట్టర్ ఒక మెట్టు దగ్గర ఆగిపోయేవాడు.

1929లో నియమించిన కార్మిక రాయల్ కమిషన్ తన 1931 నివేదికలో మధ్యవర్తుల నియామకాన్ని గట్టిగా తప్పుబట్టింది. మనిషిని పనిలో పెట్టుకునే అధికారం, తీసేసే అధికారం మేస్త్రీల చేతిలో ఉండకూడదని, అందుకు ప్రత్యేకంగా లేబర్ ఆఫీసర్లు ఉండాలని సూచించింది. మన దేశంలో ఆ తర్వాత వచ్చిన పర్సనల్ డిపార్ట్‌మెంట్లకు, ఇప్పటి హెచ్‌ఆర్ విభాగాలకు వేరు ఆ సూచనల్లో కొంత కనిపిస్తుంది.

సిఫారసుతో వచ్చినవాళ్లు యజమానికి విధేయులుగా ఉంటారన్న అంచనా కూడా పూర్తిగా నిలవలేదు. ఒకే ఊరి వాళ్లు, ఒకే పేట వాళ్లు కష్టమొస్తే కలిసే నిలబడతారు. 1927-28లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు చేసిన పోరాటానికి ఖరగ్‌పూర్ కేంద్రమైంది. దానికి నాయకత్వం వహించిన వారిలో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

రాజ్యాంగం గీసిన గీత

1950లో నియామకం చేసేవాడి స్థానమే మారిపోయింది. రైల్వే ఇప్పుడు కంపెనీ కాదు, ప్రభుత్వం. ప్రభుత్వ ఉద్యోగం ప్రజలందరిదీ. రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం మతం, కులం, లింగం, పుట్టిన చోటు, నివాసం వంటి కారణాలతో మాత్రమే ఎవరికీ ప్రభుత్వ ఉద్యోగం నిరాకరించకూడదు. ఆ జాబితాలో అంతగా చర్చకు రాని మాట ఇంకొకటి ఉంది: వంశం.

ఆ మాటకు సుప్రీంకోర్టు అర్థం చెప్పింది ఒక తెలుగు కేసులోనే. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి వారసత్వంగా వచ్చే విధానాన్ని గాజుల దశరథ రామారావు సవాలు చేశారు. గ్రామ మునసబు ప్రభుత్వ ఉద్యోగే, కాబట్టి వంశాన్ని బట్టి ఆ పదవి ఇవ్వడం చెల్లదని 1960 డిసెంబరులో కోర్టు తేల్చింది.

అయినా రైల్వేలో ‘తండ్రి తర్వాత కొడుకు’ అన్న ఆశ పోలేదు. ఆశ పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు కూడా. 2004లో రైల్వే ఒక పథకం తెచ్చింది. గ్యాంగ్‌మెన్, డ్రైవర్లు వయసు మీరాక ముందుగా విరమణ తీసుకుంటే, అర్హత ఉన్న పిల్లల్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. 2010లో భద్రతకు సంబంధించిన మరిన్ని కింది స్థాయి ఉద్యోగాలకు దాన్ని విస్తరించారు. లార్స్‌గెస్ అన్న పొట్టి పేరుతో ఆ పథకం రైల్వే కాలనీలన్నింటికీ పరిచయం.

యజమానిగా రైల్వే లెక్క అర్థమయ్యేదే. యాభై దాటిన మనిషి పట్టాల మీద సుత్తి పట్టుకుని తిరగడం కష్టం, అది ప్రయాణికుల భద్రతకూ మంచిది కాదు. యువకుడు రావాలి. కానీ ఆ యువకుడు ఆయన కొడుకే ఎందుకు కావాలి? 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇదే అడిగింది. సమాన అవకాశ సూత్రానికి ఈ పథకం నిలవదని అభిప్రాయపడి పునఃసమీక్షించమంది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. అదే ఏడాది రైల్వే పథకాన్ని రద్దు చేసింది.

ఇప్పుడు మిగిలింది కారుణ్య నియామకం ఒక్కటే. ప్రధానంగా సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణించినప్పుడు, వీధిన పడే కుటుంబాన్ని ఆదుకోవడానికి ఇచ్చే మినహాయింపు అది. అది వారసత్వ హక్కు కాదని కోర్టులు పదే పదే చెప్పాయి. ఇది కుటుంబానికి చేదు మాటే. కానీ రైల్వేతో ఏ సంబంధమూ లేని పల్లెటూరి కూలీ కొడుకు వైపు నుంచి చూస్తే అదే న్యాయం. ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ రైలెక్కిన తాత కూడా అలాంటివాడే.

కోటి దరఖాస్తుల ముందు కూర్చున్నవాడు

నేటి రైల్వే నియామకాలు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు, రిక్రూట్‌మెంట్ సెల్‌ల ద్వారా జరుగుతాయి. 2019లో ప్రకటించిన లెవెల్-1 పోస్టులు, అంటే పాత గ్రూప్-డి కొలువులు, 1,03,769. వచ్చిన దరఖాస్తులు సుమారు 1.15 కోట్లు. ఒక్కో పోస్టుకు నూరుమందికి పైగా.

ఇంత మందిలో ‘ఉత్తముడు ఎవరు?’ అని ఏ బోర్డూ వెతకలేదు. దాని పని వడపోత. ఎవరూ వేలెత్తి చూపలేని విధంగా, కోర్టులో నిలబడే విధంగా 99 మందిని పక్కన పెట్టాలి. మేస్త్రీ కాలంలో యజమాని భయం ‘వీడు నిలుస్తాడా?’ అని. ఇప్పటి భయం ‘పక్షపాతం చూపామంటారేమో’ అని. అందుకే ఇంటర్వ్యూ లేదు, కంప్యూటర్ మీద నూరు ప్రశ్నలు, తొంభై నిమిషాలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. వేర్వేరు షిఫ్టుల్లో రాసినవారి మార్కులను సర్దుబాటు చేసే లెక్క వేరే ఉంది. తర్వాత శారీరక పరీక్ష: పురుషులు 35 కిలోల బరువుతో నూరు మీటర్లు రెండు నిమిషాల్లో దాటాలి, కిలోమీటరు దూరం 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆ బరువు పరీక్షలో మాత్రం పాత గ్యాంగు మేస్త్రీ ప్రశ్న ఇంకా బతికే ఉంది.

నిష్పాక్షికతకు రైల్వే చెల్లించే ధర ఆలస్యం. 2019 నోటిఫికేషన్ తాలూకు లెవెల్-1 పరీక్ష మొదలైంది 2022 ఆగస్టులో. మూడేళ్లు చదువుతూ కూర్చున్నవాడి వయసును ఎవరూ వెనక్కి ఇవ్వరు. 2024 నుంచి ఏడాదికొక క్యాలెండర్ ప్రకటిస్తామని, ఏ త్రైమాసికంలో ఏ రకం పోస్టులో ముందే చెబుతామని రైల్వే అంటోంది. ఈ మార్పు నిలిస్తే అభ్యర్థికి మేలే.

ఇంకో వాస్తవం కూడా గుర్తుంచుకోవాలి. 1990-91లో 16 లక్షలు దాటిన రైల్వే సిబ్బంది ఇప్పుడు 12 లక్షల చుట్టూ ఉన్నారు. 2003లో వాల్తేరు, ఖుర్దా రోడ్ డివిజన్లు వేరే జోన్‌లోకి వెళ్లాక ఆగ్నేయ రైల్వే పరిధీ చిన్నదైంది. పరీక్షలో నెగ్గడం ఎంత కష్టమైనా, దానికి ముందే సీట్లు తగ్గాయి.

మార్కులొచ్చీ ఆగిపోయేది ఎక్కడ?

వడపోత యంత్రానికి మనిషి కనిపించడు, కాగితం కనిపిస్తుంది. అందుకే పరీక్ష గట్టెక్కినవారు కూడా ధ్రువపత్రాల పరిశీలనలో, వైద్య పరీక్షలో ఆగిపోతుంటారు.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు కులధ్రువీకరణ. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఆంధ్రలో జాబితాలో ఉన్న కులం బెంగాల్ జాబితాలో ఉండాలని లేదు. వలస వెళ్లిన వ్యక్తి కొత్త రాష్ట్రంలో ఆ హోదా కోరలేడని మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అది కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబం కథే. అయితే స్వరాష్ట్రానికి సంబంధించిన గుర్తింపు పోదు. తండ్రికి అక్కడ ఇచ్చిన ధ్రువపత్రం చూపితే, ఇప్పుడున్న రాష్ట్రం అధికారులు కేంద్రం నిర్దేశించిన నమూనాలో పిల్లలకు పత్రం ఇచ్చే వీలుంది. చిక్కల్లా నాలుగో తరంలో వస్తుంది: తండ్రికే పత్రం లేకపోతే తాత ఊరి దాకా వెళ్లాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది. ఓబీసీ వారికి క్రీమీలేయర్ కాదన్న పత్రం, ఈడబ్ల్యూఎస్ వారికి ఆ ఆర్థిక సంవత్సరపు పత్రం కూడా ఇదే తరహా.

రెండోది కన్ను. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కళ్లద్దాలు లేకుండానే పూర్తి చూపు ఉండాలి, రంగులు గుర్తుపట్టగలగాలి. లేసిక్ శస్త్రచికిత్స చేయించుకున్నా పనికిరారు. ఇది దరఖాస్తుకు ముందే కంటి డాక్టరు దగ్గర పది నిమిషాల్లో తేలే విషయం. రెండేళ్లు చదివాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

మూడోది బోర్డు ఎంపిక. ఒక నోటిఫికేషన్‌కు ఒక బోర్డుకే దరఖాస్తు చేయాలి. ఖాళీలు, కటాఫ్‌లు బోర్డుకొక తీరు. ఖరగ్‌పూర్‌లో ఉన్నంత మాత్రాన కోల్‌కతాకే పెట్టాలని లేదు, భువనేశ్వర్‌కో సికింద్రాబాద్‌కో పెట్టవచ్చు. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. అయితే ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, ప్రశ్నపత్రం తెలుగు వేరు. బడిలో ఏ భాషలో లెక్కలు, సైన్సు చదివారో ఆ భాష ఎంచుకోవడమే క్షేమం.

అప్రెంటిస్ అనే పక్క దారి

ఖరగ్‌పూర్ యువకుల ఇంటి పక్కనే ఉన్న దారి అప్రెంటిస్ శిక్షణ. ఆగ్నేయ రైల్వే ఇటీవలి నోటిఫికేషన్లలో 1,785 అప్రెంటిస్ స్థానాలు ప్రకటించింది. వాటిలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపువే 360. రాత పరీక్ష లేదు, ఐటీఐ ఉండాలి, పదో తరగతి మార్కులతో ఎంపిక. ఇక్కడ కూడా వడపోతే, కాకపోతే పదిహేనేళ్ల వయసులో వచ్చిన మార్కులతో.

శిక్షణ పూర్తయితే ఉద్యోగం ఖాయమని చాలామంది అనుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం యజమానిపై అలాంటి బాధ్యత పెట్టలేదు. లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం రైల్వేలో శిక్షణ పొందిన అప్రెంటిస్‌లకు కేటాయించారు గానీ, వాళ్లూ అదే పరీక్ష రాయాలి. బయటి కర్మాగారం యజమానికి మాత్రం ఆ ఏడాది శిక్షణ విలువైనది. వెల్డింగ్, మెషినింగ్ చేతితో చేసి వచ్చాడన్న భరోసా అతనికి ఏ మార్కుల జాబితా ఇవ్వదు.

పరిచయాలు ఎంతవరకు?

మన వాళ్ల అండ ఒక తరానికి నిచ్చెన అవుతుంది, తర్వాతి తరానికి గోడ కూడా కావచ్చు. ఆర్థికవేత్తలు కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ ముంబయి దాదర్ ప్రాంతంలో చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది. కుల బంధాలతో మిల్లు, రేవు పనులు దొరికే కుటుంబాలు మగపిల్లల్ని మరాఠీ మాధ్యమంలోనే ఉంచాయి. అలాంటి పనులు దక్కని ఆడపిల్లలు ఇంగ్లిషు మాధ్యమానికి మళ్లారు. తీరా కొత్త ఉద్యోగాలు వచ్చినప్పుడు ఆడపిల్లలకే దారి సులువైంది.

అంతకు ముందు 1973లో అమెరికన్ సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ ఇంకో సంగతి చెప్పారు. కొత్త ఉద్యోగం కబురు దగ్గరివాళ్ల కంటే దూరపు పరిచయస్తుల నుంచే ఎక్కువ వస్తుందని. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ ఎలాగూ తెలుసు కదా. పేటలో అందరూ రైల్వే వాళ్లే అయితే చేరే కబురు కూడా రైల్వే నోటిఫికేషనే. ఊరి పక్కనే టాటా హిటాచీ వంటి యంత్ర కర్మాగారాలున్నా, అక్కడ ఎవరికి ఏ పని కావాలో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు.

ప్రైవేటు యజమాని భయం వేరు. తప్పు మనిషిని తీసుకుంటే నెలల జీతం, శిక్షణ వృథా. కాబట్టి అతను సిఫారసు వింటాడు, పని చేయించి చూస్తాడు, పాత యజమానిని అడుగుతాడు. అతని ముందు ‘ఐదేళ్లుగా రైల్వేకి ప్రిపేరవుతున్నాను’ అన్న మాట ఖాళీగానే కనిపిస్తుంది. అదే ఐదేళ్లలో ఏడాది అప్రెంటిస్, ఏదో ఒక షాపులో రెండేళ్ల పని ఉంటే, పరీక్ష పోయినా చేతిలో ఏదో మిగులుతుంది.

రైల్వే పరీక్ష రాయొద్దని దీని అర్థం కాదు. పెన్షన్ మారినా, పోస్టులు తగ్గినా, అది ఇప్పటికీ మంచి కొలువే. కానీ ఎన్నిసార్లు రాయాలో, ఏ వయసు దాకా ఆగాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఆ గడువు నోటిఫికేషన్ల చేతిలో పెడితే అవి జరుపుకుంటూ పోతాయి. తాతల కాలంలో ఊరివాడి మాటే అర్హత. ఇప్పుడు పరీక్ష బోర్డుకు కావాల్సింది సరైన కాగితం, కర్మాగారానికి కావాల్సింది చేతిలో పని. రెండూ సిద్ధం చేసుకునే వయసు ఇరవై, ఇరవై రెండే.