ఆలస్యంగా వినిపించిన చప్పట్లు

ఈ మధ్య చదివినవి, చూసినవి, విన్నవి ఏవైనా నాలుగు మాటల్లో చెప్పమని మన రేడియో మిత్రులు అడిగారు. నేను విమర్శకుణ్ణి కాను. సోమవారం పొద్దున విమానమెక్కి గురువారం రాత్రి ఇంటికి చేరే కంప్యూటర్ కన్సల్టెంటుని. హోటల్ గదుల్లో టీవీ చూడబుద్ధి కాక చూసిన ఒక డాక్యుమెంటరీ, విన్న ఒక ఆల్బం, చదివిన కొన్ని కథల గురించి చెబుతాను. మూడింటికీ సంబంధం లేదనుకున్నాను మొదట. ఉందని తర్వాత తెలిసింది.

డాక్యుమెంటరీ పేరు 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్'. 2012లో వచ్చింది. తీసినవాడు మాలిక్ బెంజెలూల్ అనే స్వీడన్ కుర్రాడు. డెట్రాయిట్‌లో రోడ్రిగెజ్ అనే గాయకుడు 1970లో ఒకటి, 1971లో ఒకటి, రెండు ఆల్బములు చేశాడు. అమెరికాలో ఎవరూ కొనలేదు. ఆయన గిటారు పక్కన పెట్టి, పాత ఇళ్ళు పడగొట్టే కూలిపనిలో చేరిపోయాడు. అయితే ఆ రికార్డులు ఎలాగో దక్షిణాఫ్రికా చేరాయి. వర్ణవివక్ష రోజుల్లో అక్కడి యువకులు ఆ పాటల్ని నోటికి నేర్చుకున్నారు. ప్రభుత్వ రేడియో వాళ్ళు కొన్ని పాటలు వెయ్యకుండా రికార్డు మీద మేకుతో గీసినట్టు గీసేశారు. గాయకుడు స్టేజీ మీదే ఆత్మహత్య చేసుకున్నాడని కూడా పుకారు పుట్టింది. చివరికి ఇద్దరు అభిమానులు వెతికి పట్టుకున్నారు. మనిషి నిక్షేపంగా డెట్రాయిట్‌లోనే ఉన్నాడు! 1998లో దక్షిణాఫ్రికా వెళ్ళి వేలమంది ముందు పాడాడు. 2013లో ఈ సినిమాకి ఆస్కార్ వచ్చింది. రోడ్రిగెజ్ 2023లో పోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన 1979లోనూ, 1981లోనూ ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడు. సినిమాలో ఆ ఊసే లేదు. ఉంటే 'ప్రపంచం పూర్తిగా మరిచిపోయిన మనిషి' అన్న కథ కాస్త పలచబడేది మరి. డాక్యుమెంటరీ అంటే అచ్చంగా నిజమేననుకునే నాలాంటివాళ్ళకి ఇదొక పాఠం. కథ బిగువు కోసం ఏం వదిలేశారు అని కూడా అడగాలి. అడిగిన తర్వాత కూడా ఆ సినిమా నాకు నచ్చింది. కారణం ఆయన మొహం. చప్పట్లు రానన్నాళ్ళూ, వచ్చాకా ఒకేలా ఉంది.

ఇక సంగీతం. 'బ్వేనా విస్టా సోషల్ క్లబ్' చాలామంది వినే ఉంటారు. 1996 మార్చిలో క్యూబా రాజధాని హవానాలో రికార్డు చేశారు. అసలు ఉద్దేశం వేరు. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వచ్చే కళాకారులతో క్యూబా వాళ్ళని కలిపి వాయింపించాలనుకున్నారు. మాలి వాళ్ళు రాలేకపోయారు. స్టూడియో బుక్ చేసేశారు, అమెరికా గిటారిస్టు రై కూడర్ వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడేం చెయ్యాలి? ఊళ్ళో ఉన్న పాత కళాకారుల్ని వెతికి తీసుకొచ్చారు. కాంపాయ్ సెగుందోకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్ళు నిండబోతున్నాయి. ఇబ్రహీం ఫెర్రేర్ బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. వారంలోపే రికార్డింగ్ అయిపోయింది. 1997లో విడుదలై ప్రపంచమంతా మోగిపోయింది.

నన్ను పట్టుకున్నది మాత్రం రూబెన్ గొంజాలెజ్ పియానో. ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. వేళ్ళకి కీళ్ళవాతం. ఇంట్లో పియానో లేదు, వాయించడం మానేసి ఏళ్ళయింది. స్టూడియో తలుపు తీసీ తియ్యగానే లోపలికి పరుగెత్తి పియానో ముందు కూర్చునేవాడట. ఇది తెలిశాక విన్నాను. ఆ వేళ్ళలో ఎక్కడా నొప్పి వినపడదు.

మూడోది మన తెలుగు. బండారు అచ్చమాంబ గారి కథలు. తొలి ఆధునిక కథ అంటే గురజాడ 'దిద్దుబాటు', 1910 అని మనం చిన్నప్పుడు చదువుకున్నాం కదా. అంతకు ముందే, 1902లో, అచ్చమాంబ గారు 'ధనత్రయోదశి', 'స్త్రీవిద్య' వంటి కథలు రాశారు. దిద్దుబాటు గొప్పదనం ఏమీ తగ్గదు గానీ, ఆవిడ పేరు మనం చదివిన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదు? ఆవిడ బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి చదువు చూసి నేర్చుకున్నారు. భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాల్లో, అంటే తెలుగువాళ్ళు అంతగా లేని చోట కాపురం. అక్కడ కూర్చుని తెలుగులో రాశారు. ఆ మాటకొస్తే ఆవిడా మనలాంటి ప్రవాసాంధ్రురాలే. 1905లో ముప్పై ఏళ్ళకే పోయారు. 'స్త్రీవిద్య' అంతా భార్యాభర్తల మాటలే. ఆడదానికి చదువెందుకు అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఇవాళ మనకి తెలిసిన విషయమే అనిపిస్తుంది. నూట ఇరవై ఏళ్ళ కిందట ఒక స్త్రీ ఆ మాటలు అచ్చులో పెట్టిందని గుర్తుచేసుకుంటే అలా అనిపించదు.

ఇప్పుడు సంబంధం చెబుతాను. మా నాన్నగారు కుర్రతనంలో మా చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. హరిశ్చంద్ర కాటిసీనులో పద్యం అయ్యాక జనం 'వన్స్ మోర్' అని అరిస్తే, నటుడు ఊపిరి తీసుకునే లోపల శ్రుతి అందించాలట. తర్వాత ఉద్యోగం, పిల్లలు, మా ఫీజులు. పెట్టె అటకెక్కింది. ఆయన వాయించగా నేను ఒక్కసారైనా రికార్డు చెయ్యలేదు. ప్రతి ప్రయాణంలోనూ 'వచ్చేసారి' అనుకున్నాను.

ఈ వేసవిలో అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చారు. గొంజాలెజ్ పాట వినిపించి, ఆయన వేళ్ళ సంగతి చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు తెలిసినవాళ్ళ దగ్గర ఒక హార్మోనియం అడిగి తెచ్చాను.

"ఏరా, తిత్తికి చిల్లుంది, గాలి పోతోంది" అన్నారు. అంటూనే వాయించారు. కుడిచేతి ఉంగరం వేలు వంగడం లేదు. ఆ వేలితో నొక్కాల్సిన మెట్టు వచ్చినప్పుడల్లా ఆగి, పక్క వేలితో నొక్కారు. నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. పదేళ్ళ కిందట ఆ వేలు వంగేది. అప్పుడు నేను బిజీ.

పదకొండు నిమిషాల రికార్డింగు ఉంది నా దగ్గర. చిల్లులోంచి పోయే గాలి కూడా వినపడుతుంది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఉంటారు. హారతి పాటలు వచ్చిన అత్తగారో, బుర్రకథకి వంత పాడిన మావయ్యో. సెల్‌ఫోన్ మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. ఫ్యాను ఆపండి. ముందుగా తేదీ, ఊరు, పేరు చెప్పించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. తప్పు పోతే ఆపకండి, దిద్దకండి. రికార్డింగుని రెండు చోట్ల దాచండి, ఇది నా వృత్తి నేర్పిన మాట. దానికి ఆస్కార్ రాదు. రాకపోతేనేం.